పాటలు వింటున్నాడట

పట్టాభి జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి మంచం పక్కనున్న స్టూలు మీద పెట్టాడు. లోపల నల్లటి ఇయర్‌ఫోన్ తీగ చుట్టలు చుట్టుకుని ఉంది. ఒక చెవి బొడిపె పగిలి, అందులోంచి సన్నటి రాగి పోగు బయటికొచ్చింది.

"దెబ్బ తగిలినప్పుడు గవరయ్య సెవుల్లో ఇవున్నాయి వదినా. అందరూ సూసినారు. ట్రైలరు ఎనక్కొస్తంటే డ్రైవరు హారన్ కొట్టినాడు. ఈడు పాటలింటా సైకిలు తొక్కుకుంటా దాని ఎనకాలకే ఎల్లిపోనాడు."

దాలమ్మ ఆ కవరును ముట్టుకోలేదు. మంచం మీద గవరయ్య ఇంజెక్షన్ మత్తులో నిద్రపోతున్నాడు. కుడికాలు తొడ దాకా పిండికట్టులో ఉంది. గెడ్డం కింద చర్మం గీసుకుపోయిన చోట నర్సు పసుపురంగు మందు పూసింది. గోళ్ళ సందుల్లో తుప్పు అలాగే ఉంది. ఖిదిర్‌పూర్‌లో బెంగాలీ రేవు పక్కనున్న ఓడల మరమ్మతు యార్డులో గాలి సుత్తితో తుప్పు కొట్టడం అతని పని. ఆ గ్యాంగుకి సర్దారు పట్టాభి. ఇద్దరి ఊళ్ళూ శ్రీకాకుళం జిల్లాలో ఒకే సముద్రపు ఒడ్డున ఉన్నాయి.

"సేఫ్టీ ఆఫీసరు ఇంటికొస్తాడు," పట్టాభి గొంతు తగ్గించాడు. "అడిగితే అవునని సెప్పండి. తప్పైపోనాది, ఇంకెప్పుడూ ఎట్టుకోనని గవరయ్య సెప్పాల. అంతే. కాలు కుదిరినాక మల్లీ పన్లోకి తీసుకుంటారు."

"కాదంటే?"

"కాదంటే పెద్దదైపోతాది. డాక్టర్లొస్తారు, పోలీసులొస్తారు. ఎందుకొచ్చిన గొడవ వదినా?"

అతను ఆమె వైపు చూడటం లేదు. స్టూలు మీది కవరు వైపే చూస్తున్నాడు. దాలమ్మకి అది నచ్చలేదు. నిజం చెప్పేవాడు మొహం చూసి చెబుతాడు కదా అనుకుంది.

"ఈయనకి పాటలేటి?" అంది. "నానొచ్చిన కాడి నుంచి ఈయన పాటినడం సూన్నేదు."

"బయట సంగతి మనకేటి తెలుస్తాది?" అని లేచాడు పట్టాభి. వెళుతూ వెళుతూ గవరయ్య భుజం మీద చెయ్యి వేసి రెండు సార్లు మెల్లిగా తట్టాడు. ఆ తట్టడంలో ఏదో ఉంది. అది జాలో, హెచ్చరికో ఆమెకి తెలియలేదు.

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించబోతుంటే ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ప్రమాదం సంగతి ఫోన్లో చెప్పింది పట్టాభే. ఆ ఫోను మోగింది ఇంట్లో, అలమరలో. అది గవరయ్య ఫోను. ఇంట్లో పెద్దవాళ్ళిద్దరికీ ఉన్నది ఆ ఒక్క బటన్ల ఫోనే. పొద్దున్న అతను దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. ఎప్పుడూ అలాగే వదిలేసి వెళతాడు.

ఫోను ఇంట్లో ఉంటే ఆ తీగ దేనికి తగిలించాడు?

కూతురు సుజన మెటియాబ్రుజ్ నుంచి వచ్చేసరికి దాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. సుజన అక్కడ పిల్లల గౌన్లు కుట్టే కార్ఖానాలో మిషను తొక్కుతుంది. సైకిలు మీదే వెళ్ళి వస్తుంది. సైకిలు దిగుతూ కుడి చెవిలోంచి చిన్న బొడిపె తీసి పర్సులో వేసుకుంది. దాలమ్మ అది చూసింది.

"నువ్వూ ఎట్టుకుంటన్నావా? మీ అయ్య ఆసుపత్రిలో పడున్నా?"

"ధుర్ అమ్మా. నేను ఒక్క చెవికే పెట్టుకుంటా. సౌండు తక్కువ. రెండో చెవి రోడ్డుకి."

"రోడ్డుకి ఒక సెవి సాల్తాదేటి?"

"అందరూ అలాగే వెళ్తారు. కార్ల వాళ్ళు అద్దాలెత్తుకుని పాటలు పెట్టుకోరా? వాళ్ళనెవరూ ఏమీ అనరు. సైకిలోడి చెవిలో తీగ కనిపిస్తే చాలు, దోష్ అంతా వాడిదే."

దాలమ్మ బటన్ల ఫోను ఆమె చేతికిచ్చింది. "ఇందులో పాటలున్నాయేమో సూడు."

సుజన నిలబడే చూసింది. పాట ఒక్కటీ లేదు. పట్టాభి చేసిన ఫోన్లు, ఇంటి ఓనరు చేసినవి, గ్యాసు బండ కంపెనీ మెసేజీలు. అంతే.

"ఆ తీగ మీ అయ్యది కాదు," అంది దాలమ్మ. "దెబ్బ తగిలినాక ఎవులో సెవిలో ఎట్టినారు. పట్టాభే ఎట్టినాడు. యజమానిని కాయడానికి."

"పట్టాభి బాబాయా? నాన్నని ఆయనే కదా ఆసుపత్రికి మోసుకెళ్ళింది."

"మోసేటోడే ఎట్టినాడు. ఇంకెవులికి అంత దగ్గరికి రావడానికి కుదుర్తాది?"

సుజన చెంబుతో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కుంటూ, "ఆఫీసరొస్తే ఈ ఫోను చూపించమ్మా," అంది. దాలమ్మ అప్పటికే ఆ సంగతి నిర్ణయించేసుకుంది. ఫోను చెంగున ముడివేసుకుంది.

మర్నాడు ఆమె రోడ్లూడ్చే డ్యూటీ చేసుకుంది. కార్పొరేషన్ వాళ్ళిచ్చిన పొడుగు చీపురుతో మార్కెట్ వీధి అంతా ఊడ్చి, క్యాబేజీ ఆకులూ కొబ్బరి బొండాలూ బండికెత్తి, చేతులు కడుక్కుని ట్రైలర్లు ఆగే చోటికి నడిచింది. వెనకనుంచి సైకిలు గంట వినపడిన ప్రతిసారీ తిరిగి చూసింది. ఇద్దరు కుర్రాళ్ళు చెవుల్లో తీగలతో ఆమెని రాసుకుంటూ పోయారు. వాళ్ళు బాగానే పోయారు. వాళ్ళకి ఏమీ కాలేదు.

ఆ రోజు బండి నడిపిన డ్రైవరు మునీర్ తన ట్రైలరు పక్కన నేల మీద గుడ్డ పరుచుకుని కూర్చుని ఉన్నాడు. మెటియాబ్రుజ్ మనిషి. నలభై దాటి ఉంటాయి, గెడ్డంలో తెలుపు వచ్చింది. విచారణ అయ్యేదాకా బండి తియ్యొద్దని చెప్పారట. పని లేక వెనక లైటు అద్దాలు విప్పి తుడుస్తున్నాడు. తను ఎవరో దాలమ్మ చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"దిదీ, ఆయనకెలా ఉంది?"

ఆమె హిందీ, బెంగాలీ కలిపేసి నేరుగా అడిగింది. "నిజంగా హారన్ కొట్టావా? లేక కొట్టానని చెప్పమన్నారా?"

మునీర్ మొహం ఎర్రబడింది.  గబగబా క్యాబిన్ ఎక్కి హారన్ నొక్కాడు.

దాలమ్మ రెండడుగులు వెనక్కి తూలి బండి రేకును పట్టుకుంది. అవతల టీ కొట్టు దగ్గర కుక్క లేచి పారిపోయింది. హారన్ ఆగినా చెవుల్లో అది ఇంకా మోగుతూనే ఉంది.

"ఇది కొట్టాను. ఒకసారి కాదు, చెయ్యి తియ్యకుండా కొట్టాను," అని కిందికి దిగాడు మునీర్. "ముందైతే బండి వెనక్కి తీసేటప్పుడు ఖలాసీ ఉండేవాడు. కిందకి దిగి, వెనక నిలబడి చెయ్యి ఊపేవాడు. ఖర్చని కంపెనీ ఖలాసీలను తీసేసింది. అద్దంలో నాకు వెనక చక్రం దాకానే కనిపిస్తుంది. ఇక హారనే దిక్కు. అంత హారన్ వినపడకపోతే నేనేం చెయ్యను దిదీ?"

"ఆయన చెవుల్లో తీగ నువ్వు చూశావా?"

"ఆ రోజనేముంది? రోజూ చూస్తాను. పొద్దున్న సైకిలు మీద వస్తాడు, రెండు చెవుల్లో తీగలు. ఎవరు పిలిచినా పలకడు. గేటు కాడ కుర్రాళ్ళు ఆయనకి పాటలయ్య అని పేరు పెట్టారు. పెట్టి ఏడాది పైనే అయింది."

తడిగుడ్డ పిండుతూ, మునీర్ తనలో తను అనుకుంటున్నట్టే అన్నాడు. "ఈ హారన్‌ని మించిపోయే పాట ఏం పాటో నాకైతే అర్థం కాలేదు."

ఆమె అక్కడినుంచి ఆసుపత్రి వైపు నడిచింది. పట్టాభి పెట్టిన తీగ కాదు అది. గవరయ్యదే. ఏడాదిగా ఉంది. ఇంట్లో మాత్రం ఒక్కసారీ కనపడలేదు. ఇంటికొచ్చే ముందు తీసి ఎక్కడో దాస్తున్నాడు. ఫోను ఇంట్లో వదిలేస్తున్నాడంటే, బయట ఇంకో ఫోను ఉంది. ఇంకో ఫోను ఉందంటే అవతల ఎవరో ఉన్నారు.

ఒక్కొక్కటీ ఇప్పుడు దానికి అతుక్కుంటోంది. ఈ మధ్య అతను సరిగ్గా మాట్లాడటం మానేశాడు. కూర ఎలా ఉందని అడిగితే జవాబుండదు. పక్క గదిలోంచి పిలిస్తే రాడు. చుట్టాల పెళ్ళికి రమ్మంటే, అందరి మధ్యా నాకు పడదని ఇంట్లో కూర్చున్నాడు. పడుకునేటప్పుడు ఆమె ఏదైనా చెబుతుంటే గోడ వైపు తిరిగి, మాట మధ్యలోనే నిద్రపోయేవాడు. వయసు మీద పడి విసుగనుకుంది. తన మీద మనసు లేదనీ అనుకుంది. ఆ రెండోది పైకి అనలేదు.

వార్డులో మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచాల మీద పడుతోంది. గవరయ్యని దిండ్లు పెట్టి కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టారు. గుమ్మానికి అతని వీపు కనపడుతోంది. ఒళ్ళో కాగితం పరుచుకుని కమలా పండు ఒలుచుకుంటున్నాడు.

దాలమ్మ మంచం దాకా వచ్చి ఆగింది. మొహం చూస్తూ అడగలేనని ఆమెకి తెలుసు. వీపుని చూస్తూ అడిగింది.

"ఎవులది?"

అతను తొన విడదీశాడు.

"అడిగిందానికి సెప్పు. ఎవులితోటి మాటాడతన్నావు రోజూ ఆ తీగెట్టుకుని?"

పీచు తీసి కాగితం మీద పెట్టాడు. ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఇలాగే చేశాడు. ఇప్పుడు నలుగురిలోనూ అదే.

"నాను మనిసిని కానేటి? ఇన్నేళ్ళు నీ కూడొండినదాన్ని, ఒక్క మాటకి పలకవా?"

పక్క మంచం ముసలాయన తల తిప్పి చూశాడు. అవతల రోగి దగ్గర కూర్చున్న ఆడమనిషి చెంచా గాలిలో ఆపేసింది. నర్సు సైతం గుమ్మంలోంచి తొంగి చూసింది. తెలుగు రానివాళ్ళకి కూడా ఆ గొంతు అర్థమైంది. వార్డంతా ఆమె వైపు చూస్తోంది, ఒక్క గవరయ్య తప్ప. అతను తొనలోంచి గింజ తీసి, నిదానంగా నోట్లో వేసుకుని, కిటికీ అవతల కాకిని చూస్తున్నాడు.

దాలమ్మ కోపం అలాగే ఆగిపోయింది. మంచం చుట్టూ తిరిగి అతని ఎదురుగా వెళ్ళింది.

అతను తలెత్తాడు. మొహం విచ్చుకుంది. "ఎప్పుడొచ్చినావు?" అన్నాడు. తొన ఒకటి ఆమె వైపు చాచాడు.

ఆమె తీసుకోలేదు. కొంగుతో నోరు మూసుకుని, దాని చాటునుంచి మామూలు గొంతుతోనే, "నీకినపడదా?" అంది.

అతను ఆమె కళ్ళవైపు చూశాడు, కొంగు వైపు చూశాడు. చాచిన చెయ్యి మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆమె ఏమడిగిందో అతనికి వినపడలేదు. కానీ అర్థమైంది.

"ఎవులు సెప్పినారు?" అన్నాడు.

దాలమ్మ మంచం మీద కూర్చుంది. కొంగు దించి మళ్ళీ అడిగింది. ఈసారి పెదవులు కదిలేలా మెల్లగా అడిగింది. అతను తల దించుకుని చెప్పాడు. కుడి చెవిలో ముందు గుయ్యిమని మోత. తర్వాత ఎడమది. ఓడ పొట్టలో సుత్తి మోగుతుంటే లోపలున్నవాడికి తల పగిలిపోతుంది. చెవుల్లో దూది పెట్టుకున్నా ఆగదు. పోయిన ఏడు వానల్లో ఫోర్‌మన్ వెనకనుంచి పిలిస్తే పలకలేదని గొడవైంది. అప్పుడు పట్టాభి ఆ తీగ ఇచ్చాడు. పాటలింటన్నాడనుకుంటారు, చెవిటోడనుకోరు అన్నాడు. పాటలినే వాడిని తిడతారు. చెవిటివాడిని పన్లోంచి తీసేస్తారు.

"తీగ రెండో కొస?" అంది.

"సొక్కా జేబులో. దేనికీ తగిలించినది కాదు."

"నాకెందుకు సెప్పనేదు?"

అతను కమలా తొక్కని ముక్కలు ముక్కలుగా తుంచుతూ కూర్చున్నాడు. ఆ ప్రశ్న వినపడిందో లేదో ఆమె మళ్ళీ అడగలేదు.

"ఆఫీసరుకి పాటలనే సెప్పు దాలీ," అన్నాడు చివరికి. "నీకు దండం ఎడతాను."

ఆఫీసరు వచ్చే రోజుకి గవరయ్యని ఇంటికి తెచ్చేశారు. ముందురోజంతా దాలమ్మే అతనికి జవాబులు నేర్పింది. ముందు, తీగ పెట్టుకున్నావా అంటాడు. జీ సార్, తప్పయింది అనాలి. తర్వాత, ఏం వింటున్నావంటాడు. పాత పాటలు అనాలి. ఫోను తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. సుజన అంతా చూసింది. మర్నాడు పొద్దున్న సైకిలు ఎక్కేటప్పుడు పర్సులోంచి చెవి బొడిపె తియ్యకుండానే వెళ్ళిపోయింది.

ఆఫీసరు చిన్నవాడు, బెంగాలీ. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒళ్ళో ట్యాబ్ పెట్టుకున్నాడు. పట్టాభి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆఫీసరు దయగలవాడే అయి ఉండాలి, ఎందుకంటే అడగాల్సిన దానితో మొదలుపెట్టలేదు. ట్యాబ్ వైపు చూస్తూనే, "నొప్పి తగ్గిందా?" అని హిందీలో అడిగాడు.

"జీ సార్, తప్పయింది," అన్నాడు గవరయ్య.

ఆఫీసరు వేలు ఆగింది. తలెత్తకుండానే, "పిల్లలెంతమంది?" అన్నాడు.

"పాత పాటలు సార్."

 వీధి పంపు దగ్గర బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడింది. ఆఫీసరు ఈసారి తలెత్తి గవరయ్యని చూశాడు, తర్వాత పట్టాభిని చూశాడు. 

దాలమ్మ ముందుకొచ్చి గవరయ్యకి ఎదురుగా నేల మీద కూర్చుంది. మోకాలి మీద చెయ్యి వేసి, తెలుగులో, మెల్లగా, "నొప్పెలాగుందని అడుగుతన్నారు," అంది. ఆఫీసరు వైపు తిరిగి, హిందీలో, "ఇంజెక్షన్ల మత్తు సార్. పొద్దున్నుంచి ఇలాగే మాట్లాడుతున్నాడు," అంది.

"ఆయనకి వినపడుతుందా?"

"పాటలైతే బాగా వినపడతాయి సార్. ఎన్నిసార్లు తిట్టానో. సైకిలు మీద ఆ తీగ వద్దంటే నా మాట ఎప్పుడు విన్నాడు?"

ఆమె గొంతులో నిజమైన కోపమే ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆఫీసరు చాలాసేపు ఆమెనే చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉండటమే మంచిదనుకున్నాడో. ట్యాబ్‌లో ఏదో కొట్టుకుని, టీ సగం తాగి లేచాడు.

పట్టాభి అతని వెనక వెళ్ళబోతుంటే దాలమ్మ వీధిలో ఆపింది.

"ఆ తీగ నువ్వే ఇచ్చినావట."

పట్టాభి అటూ ఇటూ చూశాడు. "మెల్లిగా వదినా."

"మెల్లిగా అంటే నీకినపడతాదేటి?"

అతను ఉలిక్కిపడలేదు. ఎడమ చెవి మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇది పోయి శానాళ్ళయింది," అన్నాడు. "మా గ్యాంగులో ఎవులికి సరిగ్గా ఇనపడతాది? డాక్టరొచ్చి ఒక్కడి సెవిలో లైటేస్తే వరసగా అందరికీ ఏస్తాడు. అందరం ఇంటికే."

"అయితే ఎవుల్ని కాసినావు నువ్వు? ఆయన్నా, నిన్నా?"

పట్టాభి "ఇద్దర్నీ," అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే ఆమె ఇంకా అరిచేది.  కొంగు బిగించి దోపుకుంది.

"అబద్దం ఆడమన్నారు, ఆడినాను. ఇప్పుడు నా మాట ఇను. కాలు కుదిరినాక ఆయన సుత్తి ముట్టడు. సైకిలెక్కడు. యార్డు తాళ్ళ కొట్టులో పని ఇప్పించు. మిగతావోళ్ళకి సెవులు మూసుకునేవి కంపెనీని అడుగు. ట్రైలరు ఎనక మనిసి నేకుండా ఎనక్కి రాకూడదని ఆఫీసరుకి ఇప్పుడే సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను. అప్పుడు ఒక్కటి సెప్పి ఊరుకోను."

"సర్దారు సెప్తే ఇంటాడేటి?"

"ఇనకపోతే మల్లీ సెప్పు."

ఆఫీసరు కారు వీధి చివర ఉంది. పట్టాభి అటు నడిచాడు. దాలమ్మ ఉన్నచోటే నిలబడి చూసింది. ఇంత దూరంనుంచి మాటలు వినపడవు. వాడు ఏం చెబుతున్నాడో, తన మీదే ఏదైనా చెబుతున్నాడో అనుకుంటూ నిలబడింది. కారు తలుపు తీసి ఉంది. ఆఫీసరు ఒక కాలు లోపల పెట్టి వింటున్నాడు. పట్టాభి చేతులు తిప్పుతున్నాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, కుడిచెయ్యి పైకెత్తి, రా రా అని ఊపాడు. అరచెయ్యి చాచి ఆగు అన్నాడు. బండి వెనక నిలబడే ఖలాసీలాగే.

ఆఫీసరు కాలు బయటికి తీశాడు. కారు తలుపు మూసి, పట్టాభి వైపు తిరిగి నిలబడ్డాడు.

దాలమ్మ ఇంట్లోకి వచ్చింది. గవరయ్య మంచం మీద అలాగే కూర్చుని ఉన్నాడు. ఆమె మొహంలో ఏముందో వెతుకుతున్నాడు.

"ఏటన్నాడు పట్టాభి?"

ఆమె అన్నం గిన్నె దించుతూ పొయ్యి వైపు తిరిగే చెప్పింది. తాళ్ళ కొట్టులో పని, సైకిలు వద్దు, ఇంకా ఏవేవో. చెప్పడం అయ్యాక అలవాటుగా అతని నిశ్శబ్దం కోసం ఎదురుచూసింది. ఇన్నాళ్ళూ ఆ నిశ్శబ్దానికి ఆమె పెట్టుకున్న పేర్లన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

వెనకనుంచి గవరయ్య గొంతు వచ్చింది. కొంచెం సిగ్గుగా, కొంచెం గట్టిగా.

"మల్లీ సెప్పు దాలీ. నాకినపడనేదు."

దాలమ్మ మసిగుడ్డ కింద పెట్టింది. మంచం దగ్గరికి వచ్చి, అతనికి ఎదురుగా వెలుతురు తన మొహం మీద పడేలా కూర్చుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.